అడగకూడని బరువు

ఆమని పెసరట్టు తిరగేస్తుంటే హాల్లోంచి మొగుడు చైతన్య గొంతు వినబడింది. "ఆదివారం ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి కేశవరావు గారూ. మా ఆవిడ తన విమానంలో మిమ్మల్ని దీవికి తీసుకెళ్తుంది. పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికల్లా వచ్చేద్దాం." అట్టు అంచు నల్లబడింది. తీసి పక్కన పడేసి ఇంకొకటి వేసింది.

ఇంట్లో వంటమనిషి లేక కాదు. సెరంగూన్‌లో అంత ఇల్లు, ఇద్దరు పనివాళ్ళు, తోటమాలి, డ్రైవరు. అయినా అతిథులొచ్చినప్పుడు అట్టు మాత్రం ఆమని చేత్తోనే వేయాలి. అమెరికాలో పుట్టి పెరిగిన కోటీశ్వరుడి కూతురు పట్టుచీర కట్టుకుని పెనం ముందు నిలబడితే చైతన్యకి అదొక ముచ్చట. "చూశారా, హ్యూస్టన్ పిల్లని ఎలా తయారు చేశానో!" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. ఆమనీ నవ్వుతుంది. విరాళాల విందుల్లో, పత్రికల్లో అచ్చయ్యే ఫొటోల్లో ఇరవయ్యేళ్ళుగా అదే నవ్వు. దవడలు నొప్పెట్టినా చెదరదు, మహా గట్టిది.

విమానం మాత్రం అచ్చంగా ఆమనిది. నాన్న పోతూ ఇచ్చినదాంట్లోంచి, మొగుణ్ణి అడక్కుండా కొనుక్కున్న ఒకే ఒక్క వస్తువు. నాలుగు సీట్ల చిన్నది. వంతెన దాటితే వచ్చే పక్క దేశంలో, జొహోర్‌లో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో ఉంటుంది. కాలేజీ రోజుల్లోనే లైసెన్సు తెచ్చుకున్న మనిషి, పైన ఉన్నంతసేపూ ఎవరి కోడలూ ఎవరి భార్యా కాదు. పార్టీల్లో "మా ఆవిడ పైలట్ తెలుసా?" అని చాటే చైతన్యే, ఇంట్లో దాన్ని "నీ బొమ్మ" అంటాడు. అత్తగారైతే ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే మాట, "ఆడదానికి అన్ని సోకులుండకూడదే తల్లీ, మగాడు చిన్నబోతాడు."

అట్టు మడుస్తూనే లెక్క వేసుకుంది. కేశవరావు గారు భారీ మనిషి. ఆయన భార్య సత్యవాణి గారు ఆయన్ని మించి ఉన్నారు. చైతన్యా సన్నమేం కాదు. దీవిలో వాళ్ళ మేనల్లుడు రిసార్టు నడుపుతున్నాడట, అతనికని హైదరాబాదు నుంచి ఆవకాయ జాడీలూ కాజాల డబ్బాలూ మోసుకొచ్చారు. ఇంత బరువుకి తోడు పోనూ రానూ ఇంధనం. లెక్క దాటిపోతోంది. చైతన్య మంచినీళ్ళకని వంటింట్లోకి రాగానే మెల్లగా అంది.

"వాళ్ళ బరువెంతో కనుక్కోవాలండీ. సామాను కూడా."

"మతిపోయిందా నీకు? ఇంటికొచ్చిన పెద్దావిణ్ణి పట్టుకుని, ఆంటీ మీరెంత బరువున్నారని అడుగుతావా? రేపు మన కంపెనీలో పెట్టుబడి పెట్టబోయే మనిషి భార్య ఆవిడ!"

"అడక్కపోతే కుదరదు. చిన్న విమానం, ఎక్కువైతే లేవదు. లేచినా..."

"అరవై కిలోలుంటుందని రాసుకో. నవ్వుతూ ఉండు చాలు, మిగతాది నేను చూసుకుంటా." చెంప మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయాడు. గ్లాసు సింకులో పెట్టడం కూడా రాదు మహానుభావుడికి, అక్కడే వదిలేశాడు.

అతనికి ఎదురు చెప్పలేని మనిషి కాదు ఆమని. ఇంగ్లిషులో ఎంతమంది నోళ్ళయినా మూయించగలదు. కానీ ఎదురు చెప్పాక ఇంటికి రావాలి కదా, కారులో. చైతన్య ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు, బూతు మాట్లాడలేదు. కారు నడుపుతాడు, అంతే. ఒకసారి విందులో అతను చెప్పిన కథలో తప్పు దిద్దిందామె. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. తిరుగుదారిలో ఎక్స్‌ప్రెస్ వే ఎక్కాక ఒక్క మాటా లేకుండా కాలు కిందకి నొక్కాడు. ముందున్న లారీ ఎర్ర దీపాలు మీదికి వచ్చేస్తున్నాయి. "ప్లీజ్ చైతన్యా, ప్లీజ్" అని ఆమె ఏడుస్తుంటే, ఆఖరి క్షణంలో పక్కకి తిప్పి, "భయపడ్డావా? ఊరికే సరదాకి" అన్నాడు. ఆ సరదా ఆ తర్వాతా చాలాసార్లు జరిగింది. ఎవరికి చెబుతుంది? ఒంటి మీద దెబ్బ లేదు, గోడకి సొట్ట లేదు. కూతురు కీర్తిక బోస్టన్‌కి చదువుకి వెళ్ళేముందు, నెమ్మదిగా పోతున్న టాక్సీలో అడిగింది, "మమ్మీ, వై యూ ఆల్వేస్ హోల్డ్ ది డోర్ లైక్ దట్? సో స్లో ఓన్లీ లా." అప్పుడు చూసుకుంది ఆమని, తలుపు పిడిని పట్టుకున్న తన చేతిని. వేళ్ళు తెల్లబడిపోయి ఉన్నాయి.

ఆదివారం పొద్దున అందరూ క్లబ్బుకి చేరారు. కేశవరావు దంపతుల్ని డ్రైవర్ అనిల్‌కుమార్ వ్యాన్‌లో తీసుకొచ్చాడు. దారంతా చైతన్య కారు మెత్తగా, మర్యాదగా నడిపాడు. అవసరం ఉన్నన్నాళ్ళూ అలాగే నడుపుతాడు. ఆమని ఆకాశం చూసింది. తూర్పున కొండల మీద మబ్బులు గుట్టలుగా లేస్తున్నాయి. మబ్బుల్ని తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు, బరువు సరిగ్గా ఉంటే. "జాడీలు ఇక్కడే వదిలేద్దామండీ" అంది. "ఛ, పెద్దవాళ్ళు ప్రేమగా తెచ్చినవి" అని చైతన్య తనే ఎత్తి వెనక పెట్టాడు. సత్యవాణి గారు రొప్పుతూ వెనక సీట్లోకి ఎక్కి కూర్చుని, "నీదే భారం తల్లీ!" అని నవ్వింది. ఆవిడ కూర్చోగానే విమానం తోక దిగి, ముక్కు పైకి లేచింది.

అది ఆమని ఒక్కతే గమనించింది. మోకాళ్ళలో వణుకు మొదలైంది. నోరు ఎండిపోయింది. తాళం చెవి మీద చెయ్యి ఉంది, తిప్పితే ఇంజను మొదలవుతుంది. పక్క సీట్లో చైతన్య, అతని మోచెయ్యి ఆమె మోచేతికి తగులుతోంది. కాదంటే ఏమవుతుందో తెలుసు, కంపెనీ, పరువు, పెట్టుబడి, ఆ తర్వాత కారు. అవునంటే రన్‌వే చివరి చెట్లు. ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంది. ఎప్పుడో హ్యూస్టన్ దగ్గర తనకి విమానం నేర్పిన తెల్లజుట్టు ముసలావిడ గుర్తొచ్చింది. భయమేస్తే దాన్ని తిట్టుకోకు, ఏం చెబుతోందో విను అనేది. ఇన్నేళ్ళూ ఆమని తన భయాన్ని తిట్టుకుంటూనే ఉంది. పిరికిదాన్ని, చేతకానిదాన్ని, అంత చదువు చదివీ ఇంతే అని.

హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దిగండి. అందరూ."

"ఏమైంది?" చైతన్య నవ్వు ఇంకా మొహం మీదే ఉంది.

"ఈ బరువుతో నేను ఎగరను."

"భయమా? చెప్పాను కదండీ కేశవరావు గారూ, ఎంత పైలట్ అయినా ఆడవాళ్ళు ఆడవాళ్ళే..."

"అవును, భయమే." గొంతు వణికింది. వణకనిచ్చింది. "చచ్చేంత భయంగా ఉంది. నా పక్కన ఎవరున్నా, ఈ సీట్లో ఉన్నది నేను. దిగండి."

కేశవరావు గారు గొణుక్కుంటూ దిగాడు. ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని దించాల్సొచ్చింది. జాడీలు దించారు. వాన పడి ఉంటే ఆమని మాటకి కాస్త విలువ ఉండేది. పాడు మబ్బులు, పది నిమిషాల్లో విడిపోయి ఎండ కాసింది. "ఆహా, ఎంత తుఫానండీ!" అన్నాడు చైతన్య. కేశవరావు గారు నవ్వాడు. ఆమని తల వంచుకుని విమానం గాలికి కదలకుండా తాళ్ళు కట్టింది. ముడి పడటానికి మూడుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది.

పార్కింగ్ దగ్గర చైతన్య వ్యాను తలుపు తనే తీసి పట్టుకున్నాడు. "మీరిద్దరూ హాయిగా వెళ్ళండి. హోటల్లో భోజనం చేసి పడుకోండి, సాయంత్రం కలుద్దాం. మేం వెనకే వస్తాం. ఆమనితో కాస్త మాట్లాడాలి." కారు తాళం చూపుడు వేలికి తగిలించి తిప్పుతున్నాడు. మొహం నిండా నవ్వు.

ఆమె మోకాళ్ళలో మళ్ళీ అదే వణుకు. అదే ఎండిపోయిన నోరు. ఇందాక విమానంలో వచ్చిందీ ఇదీ ఒకటే, తేడా ఏం లేదు. అక్కడ విన్నదాన్ని ఇక్కడ వినకపోతే ఎలా? కారు తలుపు దాకా వెళ్ళింది. లోపల పిడి కనబడింది, తను ఇన్నేళ్ళు పట్టుకుని పట్టుకుని మెరుపు పోయిన పిడి. అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్న చైతన్య అద్దం దించి, "ఎక్కు" అన్నాడు మెల్లగా.

"ఎక్కను."

"ఏంటి?"

"మీరు నడిపే కారు నేనెక్కను."

వెనక్కి తిరిగి వ్యాను వైపు నడిచింది. "ఆమనీ!" అన్న కేక వెనక నుంచి తగిలింది. వీపు మండింది, కాళ్ళు మాత్రం ఆగలేదు. కేశవరావు గారు అప్పటికే ముందు సీట్లో సర్దుకుని ఫోన్లో పడిపోయాడు. వెనక సత్యవాణి గారు ఆవకాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని ఉంది. "కాస్త జరుగుతారా ఆంటీ?" అంది ఆమని. ఆవిడ ఒక్క క్షణం ఆమె మొహంలోకీ, ఆ తర్వాత కారు వైపూ చూసింది. జాడీ కింద పెట్టేసి, "రామ్మా, రా" అని జరిగింది. వ్యాను కదిలింది.

వంతెన మీద బళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఆమని చేతిసంచిలో నీలం రంగు అమెరికా పాస్‌పోర్టు ఉంది, సరిహద్దులో చూపించాలి కదా. ఫోను మోగుతూ ఆగుతూ మళ్ళీ మోగుతోంది. అనిల్‌కుమార్ అద్దంలోంచి, "మేడమ్, ఆంటీ వాళ్ళని దింపాక ఇంటికేనా?" అని అడిగాడు.

"కాదు. ఆ హోటల్లోనే నేనూ దిగుతాను. గది తీసుకుని మా అమ్మాయికి ఫోన్ చెయ్యాలి."

కాసేపటికి సత్యవాణి గారు ఆమె చెవి దగ్గరికి వంగి, మొగుడికి వినబడకుండా అంది. "తొంభై ఆరు. అబ్బాయిగారు వంటింట్లో అరవై కిలోలని చెబుతుంటే విన్నాను. సిగ్గేసి ఊరుకున్నా. నువ్వు నన్ను అడగాల్సిందమ్మా, చెప్పేదాన్ని."

ఆమని కళ్ళు నిండాయి.

"అంత ధైర్యంగా విమానంలోంచి మమ్మల్నందర్నీ దింపేశావు" అంది ఆవిడ, "సొంత మొగుడి కారెక్కడానికి భయమేంటి తల్లీ?"

ఇరవయ్యేళ్ళలో ఈ ప్రశ్న అడిగిన మనిషి లేడు. ఆమని తన చేతులు చూసుకుంది. రెండూ ఒళ్ళోనే ఉన్నాయి, తలుపు పిడి మీద లేవు. ముందు సీట్లో కేశవరావు గారు ఫోను దించాడు. ఆయనకి కూడా వినబడేలాగే చెప్పింది.

"ఆయన నన్ను కొట్టరు ఆంటీ. కారు నడుపుతారు."