ఎడమ పక్క సూది

బూరుల్ బతికున్నన్నాళ్ళూ నన్ను తిడుతూనే ఉంది, పొడుస్తూనే ఉంది. తిట్లు రోజంతా, పొడుపు రెండు పూటలా. అన్నదమ్ముల్ని కట్టుకున్నాం, ఇద్దరూ మా కళ్ళముందే పోయారు. కొండల నడుమ కొచ్కోర్‌లో ఒక్క కొంపలో తోడికోడళ్ళం మిగిలాం, ఉన్ని ఒత్తి తివాచీలు కుట్టుకుంటూ.

నాకు చక్కెర జబ్బు. ఇన్సులిన్ పెన్ను చేతికిస్తే నాకు చెమటలు పట్టేవి. "ఉన్ని పొడిచే చెయ్యి, నీ తోలు దగ్గరికొచ్చేసరికి వణుకుతుందేమే కలీపా" అని దెప్పి, బూరులే పొడిచేది. బొడ్డుకి ఎడమ పక్క, బెత్తెడు దూరంలో. ఎప్పుడూ అక్కడే. మొదట్లో నొప్పెట్టేది, పోనుపోను ఏమీ తెలిసేది కాదు. అంతా ఆవిడ హస్తవాసి అనుకున్నాను. పెన్ను కొసకి తగిలించిన సూది మొద్దుబారి చర్మం పట్టి లాగినా మార్చేది కాదు. విరిగితే తప్ప సూది పారేయని ఇల్లు మాది.

మంచు కరిగే రోజుల్లో గుండె ఆగి బూరుల్ పోయింది. నలభయ్యో రోజుదాకా ఇంటినిండా జనమే. మా ఆచారం ప్రకారం దినానికి గుర్రాన్ని కోశారు, తిన్నారు, ఏడ్చారు, వెళ్ళిపోయారు. ఆ తర్వాత నన్ను ముట్టుకున్న మనిషి లేదు.

పెన్ను నేనే పట్టాను. ఎక్కడ పొడవాలో వెతుక్కోనక్కర్లేదు, అక్కడ మేం ఎండబెట్టుకునే పెరుగు ఉండంత గడ్డ లేచి ఉంది. నొప్పి లేదు. కళ్ళు మూసుకుంటే బూరుల్ చెయ్యే అనిపించేది. చక్కెర మాత్రం దిగదు. ఆసుపత్రిలో మోతాదు పెంచారు, మళ్ళీ పెంచారు. వేసవి వచ్చేసరికి చూపు మసకేసి కుట్టు సూదిలో దారం ఎక్కించలేకపోయాను. కళ్ళు కూడా పోతే ఇంక గోడకేసి చూస్తూ కూర్చోవడమే.

నర్సు మైరామ్ నాకు వరసకి కూతురు. పొట్ట చూపించమంది, గడ్డ నొక్కి మొహం మాడ్చుకుంది.

"ఇది పేరుకున్న కొవ్వు పిన్నీ. ఒకేచోట, అదీ మొద్దు సూదితో, పొడిచి పొడిచి పెంచారు. ఇందులో పోసిన మందు ఒంటికి సరిగ్గా ఎక్కదు. ఇంక దీని జోలికి పోకు, కళ్ళు పోతాయి."

"అది బూరుల్ పొడిచిన చోటు," అన్నాను. "ఆవిడది నాకింకేం మిగల్లేదే."

పిల్ల పొట్టి సూదుల డబ్బా ఇచ్చింది, వెంట్రుకంత సన్నం. పూటకో కొత్త సూది, నిటారుగా పొడవాలట. మందంతా దిగేదాకా పదివరకు లెక్కపెట్టి అప్పుడు తియ్యాలట. ప్రతిసారీ వేలెడు దూరం జరగాలట. మంచిచోట మందు బాగా పనిచేస్తుంది, మోతాదు తగ్గించు అని కూడా చెప్పింది. కళ్ళు పోతాయని బెదిరించిన నోటితోనే మందు తగ్గించమంటుందేమిటి, తలాతోకా లేని మాట అనుకుంటూ కోపంగా బయటపడ్డాను.

మర్నాడు కుడి పక్క పొడుచుకున్నాను, పాత మోతాదే. చీమ కుట్టినంత నొప్పి, అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎప్పట్లాగే రొట్టె తిని, పాలు పోసిన టీ తాగి, ఉన్ని ముందేసుకున్నాను. కాసేపటికి చేతులు వణికాయి. ఒళ్ళంతా చెమట, గుండె దడ, గోడలు తిరుగుతున్నాయి. "అక్కా" అని కేకేశాను. అలవాటు. ఎవరు పలుకుతారు? వీధి వీధంతా మందలు తోలుకుని కొండమీది గడ్డికి పోయింది.

చక్కెర పడిపోయింది, తీపి కావాలి. ఇంట్లో తీపేది? నేను చక్కెర దొంగనని బూరుల్ ముక్కలు దాచేది. ఆవిడ పోయాక నేను కొన్నది లేదు. ఎన్నేళ్ళు వెతికానో, ఒక్కసారి దొరికితే ఒట్టు. అప్పుడు తట్టింది. ఆవిడెప్పుడూ పెట్టెమీది పరుపుల దొంతరకి వీపానించే కూర్చునేది. నేను అటు పోతే చాలు, "ఏం కావాలే" అనేది.

పాక్కుంటూ వెళ్ళి దొంతరంతా లాగి పడేశాను. అడుగు పరుపు మడతలో మూట. గుడ్డ నాదే, చిరిగిందని నేను పారేసిన తలగుడ్డ. లోపల చక్కెర ముక్కలు. నోట్లో వేసుకుని, పరుపులమధ్య పడుకుని, వణుకు తగ్గేదాకా చప్పరిస్తూ ఏడ్చాను. ముసల్ది పోయి కూడా నా నోట్లో చక్కెర పెట్టింది.

మైరామ్ చెడామడా తిట్టి మోతాదు తగ్గించింది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కుతోంది. గడ్డ కూడా మెల్లగా కరుగుతోందని పిల్ల సంతోషపడుతుంది. నేను రోజూ తడిమి చూసుకుంటాను, ఇంకా ఎంత మిగిలిందోనని.

ఆపదకి వేరే చక్కెర కొని గూట్లో పెట్టుకున్నాను. బూరుల్ దాచిన ముక్కలు రెండు మిగిలితే అదే గుడ్డలో కట్టి, అదే మడతలో పెట్టి, పరుపులన్నీ మళ్ళీ పేర్చాను. ఇప్పుడు దొంగా నేనే, కాపలా నేనే.