సొందమా, అన్యమా

కండెలు చుడుతూనే ఫోనెత్తి స్పీకరులో పెట్టింది సుగంధి. తిరువళ్ళూరు ఆస్పత్రి నర్సు. "రక్త పరీక్ష రిపోర్టు వచ్చిందమ్మా. కడుపులో బిడ్డకు రిస్కు తక్కువే."

మోహన్‌రాజ్ మగ్గం ఆపాడు. పచ్చయమ్మ గోడమీది మురుగనుకు దండం పెట్టింది. "చూసినావా? అంత రక్తం లాగినారు, మన గుట్టు ఒక్కటీ బయట పడలా." ఆమె సుగంధికి అత్త, అంతకన్నా ముందు అమ్మమ్మ. మోహన్‌రాజ్ సుగంధికి మొగుడు, ఆమె తల్లికి తమ్ముడు.

రక్తం తీసిన రోజు ఫారం నింపుతూ నర్సు అడిగింది, సొందంలో పెళ్ళా, చుట్టరికం లేని అన్యమా అని. హాలునిండా జనం. పెద్దబిడ్డ మనస్వి పుట్టినప్పుడు తిరుత్తణిలో నిజం చెబితే, "సొంత మేనమామనా? ఎనిమిదో క్లాసు చదివినావే, తెలీదా?" అంది డాక్టరమ్మ నలుగురిలో. పద్దెనిమిదేళ్ళకు పీటలమీద కూర్చోబెట్టినప్పుడు తననెవరడిగారు? ఈసారి తల వంచుకుని "అన్యం" అంది. పెద్దబిడ్డ బాగుందా అంటే బాగుందనేసింది. ఏడేళ్ళ మనస్వికి వెనకనుంచి పిలిస్తే వినబడదు. నర్సు కనిపెట్టేస్తుందేమోనని పిల్లను పక్కింట్లో వదిలి వెళ్ళింది. "రక్తమే అన్నీ చెప్తాదంట, నువ్వెందుకు నోరు తెరిచేది?" అన్నాడు మోహన్‌రాజ్ మామ బస్సులో. ఆ మాటే పట్టుకుని ఇన్నాళ్ళూ నిద్రపోయింది, నిద్రపట్టిన రోజుల్లో.

"మేడం, చెవుల సంగతీ ఇందులో తెలుస్తాదా?"

"తెలీదమ్మా. ఇది రెండు మూడు జబ్బులకే. మిగతావి మీరు చెప్పేదాన్నిబట్టి చూడాల. మీ ఇంట్లో ఏమీ లేదన్నారే?"

మోహన్‌రాజ్ వద్దని చెయ్యి ఊపాడు. పచ్చయమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "వద్దే తల్లీ. నా కొడుక్కీ నా మనవరాలికీ నేనే ముడిపెట్టి పాడుజేసినానంటారు."

గడప దగ్గర మనస్వి తల్లి పెదవులనే చూస్తోంది. ఆస్పత్రి కాగితంలో ఈ పిల్లకు జబ్బు లేదు, చెవుడు లేదు, అసలు పిల్లే లేనట్టుంది. అలా రాయించింది కన్నతల్లే. సుగంధికి ఒళ్ళంతా సిగ్గుతో మండింది.

"ఉంది మేడం. నా పెద్దబిడ్డకు వినబడదు. మా ఆయన మా అమ్మ తమ్ముడు. నేను అబద్ధం చెప్పినాను."

నర్సు తిట్టడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళు దాచినావే, నువ్వొక తల్లివా అంది. మోహన్‌రాజ్ లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. సుగంధి ఫోను పెట్టెయ్యలేదు. చివరిదాకా విని, అడిగింది.

"పెద్దదాన్ని కూడా తీసుకొస్తాను. ఏ రోజు రమ్మంటారు?"