రెబెక్కా, అడుగు!

తాండూరులో బండకు కరువేముంది? ఇంట్లో బండ, వాకిట్లో బండ, బడిలో నేల కూడా నున్నటి బండే. అమూల్య టీచర్‌కు మాత్రం ఏడో తరగతి పిల్లలే బండల్లా కనిపించారు. పాపం, రోజూ వికారాబాద్ నుంచి బస్సులో వచ్చి గొంతు చించుకునేది. వాళ్లు బోర్డు మీది లెక్కలు దించుకునేవారే తప్ప నోరు విప్పేవారు కాదు.

అందరిలోకీ రెబెక్క మరీ ముంగి. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు. తప్పు పలికితే నవ్వుతారని భయం. వైశాల్యం పాఠం రోజున ఆ పిల్ల ముఖంలో ఏదో సందేహం కనిపెట్టి అమూల్య, "రెబెక్కా, అడుగు!" అంది.

రెబెక్క లేచింది. అడుగులతో కొలవమన్నదేమో అనుకుని తడబడుతూ వచ్చి, పాదం వెనుక పాదం ఆనిస్తూ నేల మీది బండను కొలవసాగింది. క్లాసంతా గొల్లుమంది.

అమూల్యకూ నవ్వొచ్చింది. కానీ నవ్విన వాళ్లే మరుక్షణం కిందికి వంగి, "రెండడుగులు లేదురా!" "ఉన్నది, సక్కగ సూడు!" అని కొట్లాడుకుంటున్నారు. ఇన్నాళ్లూ ఆమె మొక్కుకున్నది ఆ గోల కోసమే. వెంటనే బెంచీలు గోడకు నెట్టించి, చాక్‌పీసుతో నేల మీదే పాఠం మొదలుపెట్టింది.

అప్పటి నుంచి "అడుగు" అంటే ఆ క్లాసులో రెండు పనులు. ఒక అడుగు ముందుకు వేయాలి, ఒక ప్రశ్న వేయాలి. రెబెక్క మాత్రం అడుగు వేసేది, ప్రశ్న మింగేసేది.

హెడ్మాస్టర్ సోమేశ్వర్‌కు ఒళ్లు మండిపోయింది. "గిది క్లాసా, అంగడా మేడం? రేపు ఆఫీసర్ సార్ వస్తున్నడు. పిల్లలు బెంచీల మీద సప్పుడు జెయ్యకుంట కూసోవాలె. గడబిడ అయితే గీ నేల మీది చదువు బంద్!"

మర్నాడు పిల్లలు బొమ్మల్లా కూర్చున్నారు. ఆఫీసర్ అడిగాడు: "వైశాల్యానికి పొడవును వెడల్పుతోటి ఎందుకు గుణిస్తం?"

ఒక్కరూ పలకలేదు. సోమేశ్వర్ గుడ్లురిమాడు. జవాబు రాకపోయినా ఎలాగూ బంద్ అయ్యేదే కదా, మునిగినవాడికి చలేమిటి అనుకుని అమూల్య, "రెబెక్కా, అడుగు!" అంది.

రెబెక్క బెంచీ దిగి ఒక అడుగు ముందుకు వేసింది. తల పైకెత్తింది.

"సార్, గీ బండ పొడుగు, ఎడల్పు రెండూ రెట్టింపు జేస్తే, జాగ గూడ రెట్టింపే అయితదా?"

ఆ పిల్ల నోట మొదటి ప్రశ్న! అమూల్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంతే గద?" అన్నాడు ఆఫీసర్ చిలిపిగా.

"అంతే సార్!" అన్నాడు ముందు బెంచీలోని వినయ్. "కాదు, నాలుగింతలు!" అని అక్షర బెంచీ మీద నుంచి దూకింది. ఇంకేముంది, క్లాసంతా నేల మీదికి దిగింది. రెబెక్క గుమ్మం పక్కనే నాలుగు బండల చుట్టూ గీత గీసి, "గందుకే గుణిస్తం సార్. వరసలెన్ని, ఒక్కో వరసల బండలెన్ని అని సూసుకోవాలె" అంది.

ఆఫీసర్ బూట్లు విప్పి వాళ్ల మధ్య చతికిలబడ్డాడు. "ఇంకోటి అడుగు బిడ్డా!"

రెబెక్క సోమేశ్వర్ నిలబడ్డ గుమ్మం వైపు తిరిగింది. "హెడ్మాస్టర్ సార్, మా గీత తొక్కిన్రు. జర చెప్పులిడిసి లోపలికి రాండ్రి."

సోమేశ్వర్ చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"మేడం," అన్నాడు మెల్లగా, "రేపటి సంది బెంచీలు వరండల ఏపిస్త."