పచ్చిక కింద పొయ్యి

పార్కు పచ్చిక కింద బుచ్చవ్వ పొయ్యి ఇంకా మండుతోంది. ఇక్కడున్న సున్నపుబట్టి బస్తీ మీదికి బుల్డోజర్ వచ్చిన పొద్దున ఎసరు పెట్టిన పొయ్యి అది. ఇరవై ఏళ్లుగా అన్నం ఉడుకుతూనే ఉంది. వాకింగుకు వచ్చేవాళ్లు ఆ ఆవిరిని పొగమంచు అనుకుని, ఒంటికి మంచిదని గుండెల నిండా పీలుస్తారు.

గేటు దగ్గర పార్కు చరిత్ర రాసిన బోర్డు ఉంది. 'ఒకప్పుడు ఇది ముళ్లపొదల బంజరు. కాలనీవాసుల కృషితో నందనమైంది.' ఆ బోర్డు చూసినప్పుడల్లా బుచ్చవ్వకు ఒళ్లు మండుతుంది. ఆ బంజరులోనే ఆమె ఇద్దరు పిల్లల్ని కన్నది.

ఇవాళ అన్నం పొంగుతోంది. పార్కు నడుమ పచ్చిక గిన్నె మీది మూతలాగా లేస్తూ పడుతోంది. బుచ్చవ్వ వంగి, పచ్చిక అంచు పట్టుకుని, చాప చుట్టినట్టు చుట్టేస్తుంది. కింద సున్నపుబట్టి బస్తీ అలాగే ఉంది. గోడలు మోకాలెత్తుకు కుంగాయి, అంతే. గాలి తగలగానే దగ్గుకుంటూ లేచి నిలబడతాయి.

కాలనీ సంఘం అధ్యక్షుడు చెన్నకేశవరావు వాకింగు బూట్లతో వస్తాడు. బస్తీని లేపెయ్యమని అర్జీ పెట్టిందీ, ఆ బోర్డు రాయించిందీ ఆయనే.

"ఏంటమ్మా ఇది? గడ్డి పీకకూడదు."

"పీకలే సారూ, సుట్టిన. మల్ల పరుస్త."

"ఎక్కడ?"

"మీ కాలనీ మీద. ఊరికి పచ్చదనం కావాలన్నది మీరే గద."

"అన్నాను," అని ఒప్పుకుంటాడు ఆయన. "మరి మేమెక్కడికి పోవాలి?"

"గా దినం నేను గదే అడిగిన. ఊరవతల జాగ సూపిస్తమన్నరు. ఇంకా సూపిస్తనే ఉన్నరు."

"ఇంట్లో మా ఆవిడ ఉప్మా చేస్తోంది."

"చెయ్యనియ్యుండ్రి. పొయ్యి ఆరదు. నాది ఆరిందా?"

ఆయన బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంట్లోకి పోతాడు. బుచ్చవ్వ పచ్చికను కాలనీ మీద పరుస్తుంది. మూడంతస్తుల మేడలు మర్యాదగా తల వంచి కిందికి దిగుతాయి. ఆమె అంచులన్నీ మడమతో తొక్కి బిగిస్తుంది. బోర్డు పెరికి తెచ్చి అక్కడ పాతుతుంది. బంజరన్న మాట మార్చాల్సిన పనే లేదు.

సాయంత్రానికి పచ్చికలోంచి సీలింగు ఫ్యాన్లు మొలుస్తాయి. మెల్లగా తిరుగుతూ, తమ చుట్టూ గడ్డిని తామే కత్తిరించుకుంటాయి. బుచ్చవ్వ వాటి మధ్య పీట వేసుకుని, ఉడికిన అన్నం వడ్డించుకుని తింటుంది. కింద నుంచి ఎవరో గరిటెతో కొడుతున్నారు.

ఆమె ముద్ద మింగి, మడమతో తిరిగి కొడుతుంది.