పసుపు గీత

ముందే చెప్పుకోవడం మంచిది. ఇందులో ముందు జరిగింది వెనక్కి, వెనక జరిగింది ముందుకి వచ్చి ఉండవచ్చు. వరస తప్పినా, జరిగినవి మాత్రం జరిగినవే.

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట తెరుచుకునేది వంటింటి తలుపు కాదు, షెడ్డు తలుపు. రేకుల కప్పు, సిమెంటు నేల, గోడ నిండా కొక్కేలకు వేలాడే పానాలు. మధ్యలో రెండు తలుపుల పాత కారు. దాన్ని అందరూ ముసలిది అనేవాళ్లు. "ముసలిదానికి నూనె మార్చాలి" అని పెద్దాడు కేకేస్తే, వంటింట్లోంచి తల్లి "ఏ ముసలిదానికిరా?" అనేది. రోజూ అదే మాట, రోజూ అదే నవ్వు.

పెద్దాడు నడిపేవాడు. చిన్నాడు విప్పి బిగించేవాడు. పెద్దాడి భార్య చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని సెకన్లు రాసేది. తల్లి గీత గీసేది. అందుకే రేసుల చుట్టూ తిరిగేవాళ్లందరికీ ఆమె గీతలమ్మ.

గీత అంటే ఏమిటో చెప్పాలి. టార్క్ పానాకు ముందే ఒక కొలత పెడతారు. నట్టు ఆ కొలత మేరకు బిగియగానే పానా టిక్కుమంటుంది. ఆ టిక్కు విన్నాక, నట్టు మీదనుంచి బోల్టు మీదికి పసుపు రంగు పెన్నుతో ఒకటే గీత లాగాలి. తర్వాత ఎప్పుడైనా నట్టు వదులై తిరిగితే గీత రెండు ముక్కలై కనబడుతుంది. గీత నిండుగా ఉందంటే నట్టు బిగిసి ఉన్నట్టే. టిక్కు వినకుండా గీత లేదు. ఆ ఇంట్లో ఇంకే నియమం తప్పినా అది తప్పేది కాదు. ఆ పసుపు పెన్ను గీతలమ్మ తన భర్త పోయినప్పుడు ఆయన జేబులోంచి తీసుకున్నది. రంగు అయిపోయిన ప్రతిసారీ కొత్తది కొంటారు కానీ ఆమెకు అదే పెన్ను. పక్క జట్ల వాళ్లు కూడా "గీతలమ్మ గీసిందా? అయితే చూడక్కర్లేదు" అనేవాళ్లు.

ముసలిదాన్ని వాళ్లు ఏళ్ల తరబడి మార్చారు. వెనక సీటు పీకేశారు. నేలకు అంటించిన తారు పొర మీద డ్రై ఐసు పరిచి, గట్టిపడ్డాక సుత్తితో పగలగొట్టి గీకేశారు. ఇంజనుకు టర్బో పెట్టారు, లోపల ఇనుప పంజరం కట్టారు. బరువు తగ్గించే పిచ్చి ఎంతదూరం వెళ్లిందంటే, గీతలమ్మ వంటింటి త్రాసు మీద బోల్టులు తూచి ఏరేది.

"అత్తయ్యా, పిండి డబ్బాలో బోల్టు దొరికింది" అంది కోడలు ఒకనాడు.

"పదమూడు గ్రాములదేనా? పొద్దుటినుంచీ దానికోసమే వెతుకుతున్నాను."

ఆదివారాలు నలుగురూ టీవీ ముందు కూర్చుని రేసు చూసేవాళ్లు. అన్నదమ్ములు టైర్ల గురించి గొడవపడేవాళ్లు. గీతలమ్మ ఎప్పుడూ అయిదో స్థానంలో వచ్చేవాడి పక్షమే. "పాపం, వాడి వైపు కెమెరా తిప్పరు" అనేది.

ఆఖరి ఏడాది ఆమెకు ఒక భయం పట్టుకుంది. ఉప్పు వేశానా లేదా అని కూర మూడుసార్లు రుచి చూసేది. క్యాలెండరు వెనక చీటీలు దాచుకునేది: గ్యాసు కట్టేయాలి, కళ్లజోడు ఫ్రిజ్ మీద. ఎవరికీ చెప్పలేదు. చెబితే పెన్ను తీసుకుంటారు.

కొండ రేసు రోజు వచ్చింది. ఒక్కొక్క కారే గడియారంతో పోటీ పడుతూ మెలికల రోడ్డు మీద పైకెక్కే రేసు అది. రెండో ప్రాక్టీసులో ముసలిదాని ముందు చక్రం రాతి అంచుకు కొట్టుకుని స్టీరింగ్ రాడ్డు వంగింది. చిన్నాడు చాప మీద పడుకుని కొత్త రాడ్డు ఎక్కించాడు. గీతలమ్మ చక్రం పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని రాడ్డు నట్టు మీద గీత గీసింది. ముసలిది బయల్దేరింది. బండ్లు బాగుచేసుకునే సర్వీసు చోటునుంచి స్టార్టు గీత దాకా ఆరువందల మీటర్లు, అక్కణ్ణుంచి పైకి రెండు కిలోమీటర్ల తొమ్మిదివందల మీటర్లు. అక్కడ రాడ్డు ఊడింది. చక్రం ఒకవైపు తిరిగింది, రోడ్డు ఇంకోవైపు తిరిగింది. కింద లోయ.

కోడలి చేతిలో స్టాప్‌వాచీ నడుస్తూనే ఉంది. ఎవరో వచ్చి దాన్ని ఆపారు.

పెద్దాడిని ఒక బండిలో, ముసలిదాన్ని ఇంకో బండిలో తీసుకొచ్చారు. ముసలిది ముద్దయిపోయి ఉంది. దాన్ని షెడ్డులో దింపి తలుపు వేశారు.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి కారు తిరిగిన దూరం చూపే మీటరు వంద మీటర్లు వెనక్కి వెళ్లింది. కారు నిండుగా ఉంది. అద్దాలున్నాయి, తలుపులున్నాయి, బానెట్టు వేడిగా ఉంది. లోయకు వంద మీటర్ల ముందు ఎలా ఉందో అలా ఉంది. లోపల పెద్దాడు మాత్రం లేడు. సీటు అతని వీపు మేర నొక్కుకుని ఉంది.

తుక్కు బండివాడు రాడ్లూ గొలుసులూ వేసుకుని వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"తుక్కన్నారు కదమ్మా. ఇది బండి. బండిని తీసుకుపోవాలంటే నా దగ్గర కాగితాలుండవు" అని టీ తాగి వెళ్లిపోయాడు.

అప్పటినుంచీ రోజుకు వంద మీటర్లు. పొద్దున చూస్తే మీటరులో వందలు లెక్కపెట్టే చివరి తెల్ల అంకె ఒకటి తగ్గి ఉండేది. చక్రం వెనకకి వంగి చూస్తే ఆ నట్టు కనబడేది. మొదటి రోజు ఆఖరి మరలో వేలాడుతోంది, గీత విరిగిపోయి ఎటో తిరిగి ఉంది. తర్వాత రోజురోజుకీ నట్టు కొంచెం కొంచెం పైకి ఎక్కుతూ వచ్చింది. విరిగిన గీత రెండు ముక్కలూ దగ్గరవుతున్నాయి. పక్కింటివాళ్లు పాలకు వెళుతూ "ఇవాళ ఎంతదాకా వచ్చింది?" అని అడిగి వెళ్లేవాళ్లు.

రేసుల క్లబ్బునుంచి బండ్లు తనిఖీ చేసే పెద్దాయన వచ్చాడు. పగలైనా చేతిలో చిన్న టార్చి ఉంటుంది కాబట్టి ఆయన్ని టార్చిలైటాయన అంటారు. వేళ్ల మీద లెక్కవేశాడు.

"ముప్పై అయిదో రోజుకి బండి సర్వీసు చోట నిలబడుతుంది. గీత గీసిన వెంటనే ఎలా ఉందో అలా. ఆ రోజు పదింటికి వస్తాం. నట్టు పానాతో కదిలితే, చిన్నాడు కొలత తక్కువ పెట్టాడని. వేళ్లతో కదిలితే అసలు పానాయే పడలేదని. కదలకపోతే సామానుదే తప్పు. ఆ మర్నాటికి బండి ఇంకా వెనక్కి పోతుంది, పాత వంగిన రాడ్డు వచ్చేస్తుంది. చూసేందుకు ఆ ఒక్క రోజే."

"వేళ్లతో ఎందుకు కదులుతుందండీ?" అంది కోడలు. "అత్తయ్య గీత ఉందిగా. టిక్కు వినకుండా ఆవిడ గీస్తారా?"

"అదీ నిజమే" అన్నాడాయన. చిన్నాడి వైపు చూడలేదు. తప్పు తేలితే చిన్నాడు ఇక ఏ రేసు బండి మీదా చెయ్యి వేయకూడదు. బతికినన్నాళ్లూ.

చిన్నాడు కూడా అదే నమ్మాడు. "గీత ఉందంటే బిగించే ఉంటాను. కొలత తప్పు పెట్టి ఉంటాను. తర్వాత చక్రాల నట్లకోసం పానా కొలత మార్చేశాను, ఇప్పుడు చూద్దామన్నా లేదు." ఆ మాట ఒక్కసారే అన్నాడు. ఆ తర్వాత షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఎక్కడో ఒక గోడౌనులో పెట్టెలు ఎత్తే పని మాట్లాడుకుని సంచి సర్దుకున్నాడు. వదిన అతనితో మాట్లాడటం మానేసింది. రోజూ పొద్దున్నే వెళ్లి డ్రైవరు సీట్లో, ఆ నొక్కులో, వేడి తగ్గేదాకా కూర్చుని వచ్చేది.

గీతలమ్మకు నిద్ర పట్టేది కాదు. కొడుకుని నేరస్థుణ్ణి చేస్తున్నది తన గీతే. తను టిక్కు విన్నదా? ఎంత తవ్వినా ఆ పూట గుర్తుకు రాదు. పీట గుర్తుంది, పెన్ను మూత పళ్లతో తీయడం గుర్తుంది. చప్పుడు గుర్తు లేదు. ఇరవై ఏళ్ల టిక్కులన్నీ చెవిలో ఉన్నాయి. ఆ ఒక్కటి వాటిలో ఉందో లేదో తెలియదు.

ముప్పై అయిదో రోజు తెల్లవారగానే ఆమె ఒక్కతే షెడ్డులోకి వెళ్లింది. చక్రం పక్కన పీట వేసుకుని కూర్చుంది. గీత నిండుగా, తిన్నగా ఉంది. తన గీతే, చివర కొంచెం కిందికి వంగే అలవాటుతో సహా. రెండు వేళ్లు పెట్టింది. నట్టు తిరిగింది.

నట్టు తిరుగుతుండగా ఆ పూట మొత్తం వెనక్కి వచ్చేసింది. చిన్నాడు నట్టును చేత్తో తిప్పి ఆనించాడు. పానా చేతిలోకి తీసుకున్నాడు. అవతలినుంచి పెద్దాడు "ఒరేయ్, ముందు టైర్లలో గాలి చూడరా, టైమైపోతోంది" అని పిలిచాడు. చిన్నాడు పానా చాప మీద పెట్టి వెళ్లాడు. ఆమె, ఇంట్లో గ్యాసు కట్టేశానా అని ఆలోచిస్తోంది. చెయ్యి తనంతట తను పెన్ను ఎత్తింది. చిన్నాడు తిరిగొచ్చి వంగి చూశాడు. "గీత పడిందా, సరే" అని చాప చుట్టేశాడు.

గోడ మీద టార్క్ పానా వేలాడుతోంది. ఆమె దాన్ని దించింది. ఆ రాడ్డు కొలత అరవై. ఆ అంకె మాత్రం ఎప్పుడూ మర్చిపోదు. మెడ తిప్పి అరవైకి పెట్టింది. ఒక్క టిక్కు చాలు. పదింటికి వాళ్లొచ్చి చూస్తారు, నట్టు కదలదు. సామానుది తప్పు. చిన్నాడు ఉండిపోతాడు, తన పరువూ ఉండిపోతుంది. పానాను నట్టుకు తగిలించింది కూడా.

అంతలో ఆమెకు ఇంకో భయం వేసింది. ఇప్పుడు తెలిసింది సాయంత్రానికి ఉంటుందా? పానా తీసి పక్కన పెట్టి, పసుపు పెన్నుతో ముంజేతి మీద పెద్ద అక్షరాలతో 'నేనే' అని రాసుకుంది.

"ఏం చేస్తున్నావమ్మా?" గుమ్మంలో చిన్నాడు. భుజాన సంచి ఉంది. వెళ్లేముందు చెప్పిపోదామని వచ్చినట్టున్నాడు.

"ఇలా రా. వేలు పెట్టు."

పెట్టాడు. నట్టు తిరిగింది. తల్లి చేతి మీది మాట చదివాడు. పక్కన గొంతుక్కూర్చున్నాడు. తర్వాత పానా అందుకున్నాడు.

"జరుగు. బిగించేస్తాను. ఎవరూ చూడలేదు."

"వద్దురా."

"అయితే కొంచెం బిగిస్తాను. పానాతో కదిలేలా. కొలత నాదే తప్పంటాను. నేనెలాగూ వెళ్లిపోతున్నాను కదమ్మా, నా పేరే ఉండనీ. నీ గీత ఎందుకు పోవాలి?"

"ఇవాళ నీకు తెలుసు, నాకు తెలుసు. రేపు నాకు గుర్తుండదు. అప్పుడు నేను కూడా నిన్నే అంటాను. అన్నని చంపుకున్నావని మీ వదినతో కలిసి నేనూ అంటాను. అది మోస్తావా?"

చిన్నాడు పానా కింద పెట్టాడు. సిమెంటు మీద ఇనుము చప్పుడు వినబడింది, అంతే.

"ఇంకో మాట" అంది ఆమె. "ఎప్పుడు అడిగినా నిజమే చెప్పు. నేను ఏడ్చినా సరే."

పదింటికి టార్చిలైటాయన ఇంకో ఇద్దరితో వచ్చాడు. కోడలు కూడా వచ్చి గోడవారగా నిలబడింది. ఆయన టార్చి వేసి, వేళ్లు పెట్టి, వెంటనే తీసేశాడు.

"పానా పడలేదు" అన్నాడు. తర్వాత మరీ మెల్లగా, "గీతలమ్మా, ఇది మీ గీతేనా?"

"నాదే."

"టిక్కు విన్నారా?"

"వినలేదు. వాడు గాలి చూడటానికి వెళ్లాడు. నేను గీశాను. ఏడాదిగా నాకు మతిమరుపు. ఎవరికీ చెప్పలేదు." చెయ్యి చాపి చూపించింది.

ఆయన రాసుకున్నాడు. చిన్నాడికి ఆరు నెలలు పని ఆపారు, తన పానాను కాకుండా గీతను నమ్మినందుకు. ఆ తర్వాత చేసుకోవచ్చు. గీతలమ్మ గురించి ఏమీ రాయలేదు. ఆ పనికి క్లబ్బు కాగితాల్లో పేరే లేదు.

వాళ్లు వెళ్లాక కోడలు దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకుంది గీతలమ్మ. కోడలు ఆమె వేళ్లలోంచి పెన్ను తీసుకుంది. మూత పెట్టింది. తన జేబులో వేసుకుంది.

"ఇక మీరు గీయకండి అత్తయ్యా" అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నంతకాలం అత్తతో ఆమె అన్న ఆఖరి మాట అదే. గుమ్మం దాటబోతూ ఆగి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి మరిది వైపు తిరిగింది.

"రేపు ఎంతదాకా వెళుతుంది?"

"ప్రాక్టీసు దాకా వదినా. అన్నయ్య రెండో ప్రాక్టీసు ముగించి కిందికి దిగుతుంటాడు."

"సీటు వేడిగా ఉంటుందా?"

"ఉంటుంది."

చిన్నాడు సంచి విప్పాడు. ఆరు నెలలయ్యాక ఇంకో జట్టుకు బండ్లు బిగించడం మొదలుపెట్టాడు. టిక్కూ తనే వింటాడు, గీతా తనే గీస్తాడు, మళ్లీ పానా వేసి చూస్తాడు. అతను బిగించిన బండి ఇంతవరకూ ఊడలేదు. ముసలిది ఇప్పటికీ రోజుకు వంద మీటర్లు వెనక్కి వెళుతూనే ఉంది. ఒక్కొక్కటిగా వాళ్లు మార్చినవన్నీ పోతున్నాయి.

గీతలమ్మ సాయంత్రాలు వరండాలో కూర్చుని కొడుకుని అడుగుతుంది, "ఆ నట్టు మీద గీత ఎవరు గీశార్రా?" అని. చిన్నాడు మాట తప్పడు. "నువ్వేనమ్మా" అంటాడు. ఆమె అప్పుడే విన్నట్టు వింటుంది. ఆ పూట అన్నం తినదు. అతనూ తినడు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు.

అందుకే గుర్తున్న పూటల్లా కాస్త కాస్తగా ఆమే ఇదంతా కాగితం మీద పెట్టింది. ఇక అడిగితే అతను నోటితో చెప్పక్కర్లేదు, ఈ కాగితాలు చేతికిస్తే చాలు.

చిన్నాడా, కాగితాలు టీవీ కింద సొరుగులో ఉన్నాయి. సామాన్ల పేర్లు, కొలతలు ఒకసారి సరిచూడు, రాడ్డుది అరవై అనే గుర్తు. అన్నీ సరిపోయాకే, ఈ కింద గీత నువ్వు గీయి.