మస్కట్ కాదు, చాందా

కరుణాకర్ ఏళ్ల తర్వాత మస్కట్ నుంచి వచ్చి ఎండాకాలం దాటింది. మళ్లీ రమ్మని వీసా వచ్చింది. వచ్చేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పమని ఏజెంటు పొద్దున ఫోన్ చేశాడు. భార్య మంజుల అడిగితే "చూద్దాం తియ్" అన్నాడు.

మధ్యాహ్నం బామ్మర్ది కొండల్ మంచిర్యాల నుంచి లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. అందులో పాత రాజుల కాలం ఆట. లోకమంతా పటం. అందులో ఒక రాజ్యం ఎంచుకొని ఏలుకోవాలి.

"ముందుగాల పెద్ద రాజ్యం తీస్కో బావా. కొత్తోళ్లకు గదే అల్కగ."

"ఒమాన్ ఉన్నదా?"

"ఉన్నది, గని..."

"గదే తియ్. నాకు ఎరికున్న దేశం."

సైన్యాన్ని ఎక్కడ నిలపాలని ఆట అడిగింది. కరుణాకర్ పటం మీదికి వంగి ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివాడు. మస్కట్ తప్ప ఏదీ ఎరిగినది కాదు.

"అన్నేండ్లు ఏం జేసినవ్ బావా ఆడ?"

"క్యాంపుల పండుడు. బస్సెక్కిస్తే సైటు కాడ దిగుడు." "బస్సుకు పరదలుండె, ఎండకు," అన్నాడు.

కొండల్ లాప్‌టాప్‌ను బావ దిక్కు జరిపాడు.

కరుణాకర్ పటాన్ని జరుపుకుంటూ తమ ఊరి పక్క గోదావరి దాకా వచ్చాడు. నదికి పైన చాందా అని చిన్న గోండు రాజ్యం.

"గిది బల్లార్షా రైలు పొయ్యే దిక్కే గదా?"

"అవ్. గని అది వద్దు. సుట్టూ పెద్దోళ్లే. ఎవడో ఒకడు మింగుతడు."

"రానీ. గోదారి దాటే రావాలె. నీళ్లు మోకాళ్లకచ్చే జాగలన్నీ నాకెరికే."

సైన్యాన్నంతా తెచ్చి ఏటి ఒడ్డున నిలబెట్టాడు. ఆటలోని ఎదుటి రాజు ఏటి ముఖమే చూడలేదు. వెనక, పడమర బేరారు దిక్కు నుంచి వచ్చి కోటలో కూచున్నాడు.

"అయిపాయె నీ రాజ్యం!" కొండల్ చప్పట్లు చరిచాడు. "ఇప్పుడన్న పెద్దది తీస్కో."

"మల్ల గదే పెట్టు."

"మల్ల ఓడ్తవ్."

"ఓడితే ఓడ్త. ఈసారి సగం మందిని ఎనక ఉంచుత."

లోపల ఫోన్ మోగింది. మంజుల దాన్ని చేత పట్టుకొని గుమ్మంలోకి వచ్చింది.

"ఏజెంటు. ఏమని చెప్పాలె?"

కరుణాకర్ తెర మీంచి చూపు తీయకుండా తల అడ్డంగా ఊపాడు.

"రాడట," అని ఆమె ఫోన్ పెట్టేసింది. కాసేపు నిలబడి పటాన్ని చూసింది.

"నీ యుద్ధం ఒడిశినంక జర మోటరేసి రా. వానల్లేక మక్కచేను వాడు వట్టింది."