పావురం దిగేదాకా

బూడిదరంగు కోటు మనిషి కిటికీల ఫొటోలు తియ్యడం లేదు. తలుపుల ఫొటోలు తీస్తున్నాడు.

గంటల గోపురం దగ్గరే ఎడ్విజ్ అది గమనించింది. వెర్లింక్ ఊరి చౌకులో ఆదివారం సంత మంచి జోరుమీద ఉంది. జున్ను కొట్ల ఘాటు, వేగుతున్న బంగాళదుంపల కమ్మదనం కలిసి గాలిలో తిరుగుతున్నాయి. తన వెనక నడుస్తున్న యాత్రికులకి ఆమె పాత బట్టల వర్తకుల ఇళ్ళు చూపిస్తోంది. నోరు చరిత్ర చెబుతోంది, కళ్ళు మాత్రం ఆ కోటు వెంటే ఉన్నాయి.

ఆమె భయానికి కారణం ఉంది. పోయిన నెల ఇలాంటి ఆదివారమే, ఆమె ఊరు చూపించి వెళ్ళాక, కాలవ పక్క చిన్న చర్చిలోని కొయ్య విగ్రహం మాయమైంది. తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి ఎడ్విజ్ దగ్గర, రెండోది చర్చి సామాను చూసుకుంటూ పెద్ద చర్చిలో గంట కొట్టే ఫిదెల్ దగ్గర. ఆ వేళకి ఫిదెల్ పెద్ద చర్చి పూజలో ఊరందరి కళ్ళెదుటే ఉన్నాడు. ఇక మిగిలిందెవరు?

ఉప మేయరమ్మ కెనెసన్ మొహమాటపడలేదు. "ఆ చర్చిలో ఇక మిగిలింది వెండి పేటిక ఒక్కటే. అది కూడా పోయిందా, నిన్ను నేనే పోలీసు బండి ఎక్కిస్తాను."

కోటు మనిషి పక్కకొచ్చాడు. "మాది దక్షిణాన తులూజ్, మేడమ్. ఇటు రావడం ఇదే మొదటిసారి. మీ ఊళ్ళో ఎండనేది ఉంటుందా?"

"ఎందుకుండదూ? పోయినేడాది వచ్చి వెళ్ళింది."

అతను నవ్వాడు. "ఆ చిన్న చర్చి చివర్లో చూపిస్తారు కదూ?"

"చివర్లోనని మీకెవరు చెప్పారు?"

"మీరిచ్చిన కాగితంలో ఉంది."

లేదు. ఆ కాగితం రాసింది ఎడ్విజే.

ఇటుక ఇళ్ళ సందులోకి మళ్ళారు. అక్కడ ముసలి నెస్టర్ తన పెరట్లో గింజల డబ్బా ఆడిస్తూ, బతిమాలుతున్నట్టు ఈల వేస్తున్నాడు. పొద్దున ఎక్కడో దక్షిణాన వదిలిన పందెం పావురాలు ఇళ్ళు చేరే వేళ అది. నెస్టర్ పావురం వచ్చింది కానీ గూట్లోకి దిగకుండా చూరు మీద కూర్చుంది. గూట్లో కాలు పెట్టేదాకా పందెంలో లెక్కకు రాదు.

అంతలో చినుకు పడింది. పారిస్ నుంచి వచ్చిన ఒకావిడ ఎర్ర గొడుగు తెరవబోయింది.

కోటు మనిషి చెయ్యి చటుక్కున లేచింది. గొడుగు పట్టుకుని ముడిచేశాడు. ఇంకో చేత్తో పక్కవాళ్ళని గోడకి అదిమాడు. "కదలకండి," అన్నాడు గుసగుసగా. "అది దిగేదాకా ఎవరూ కదలకండి."

పావురం చుట్టూ చూసి, గూట్లోకి దూరింది. నెస్టర్ కేక వేశాడు. యాత్రికులు నవ్వారు. కోటు మనిషి నవ్వలేదు. ఏం చేశాడో అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

"ఎక్కడో చదివాను లెండి," అన్నాడు.

పావురం కోసం ఊపిరి బిగబట్టడం చదివితే వచ్చేది కాదు. ఈ సందుల్లో పుట్టినవాళ్ళకి నడకతో పాటు వచ్చేది. ఎడ్విజ్‌ గుంపుని ముందుకు పోనిచ్చి, పెరటి గోడ మీదకి వంగింది.

"తాతా, ఆ మనిషి ఎవరు?"

నెస్టర్ కళ్ళు చికిలించాడు. "ఒబాన్ కదూ! ఫిదెల్ తమ్ముడు. నువ్వు ఈ ఊరి కోడలివి కాకముందే దేశాల మీద పడ్డాడు. వాడికి సిగ్గు లేదు, పలకరించకుండా పోతున్నాడు చూడు!"

ఫిదెల్ తమ్ముడు. ఆమె బుర్రలో చిక్కుముడి విడింది. చిన్న చర్చి తలుపు మూస్తే దానంతటదే తాళం పడుతుంది. బయటినుంచి తెరవడానికే తాళంచెవి కావాలి. లోపల దాక్కున్నవాడు గడియ తిప్పితే చాలు. ఆ ఆదివారం అందరూ బయటికొచ్చారని పోలీసులకి చెప్పింది తనే. నిజానికి వెనక్కి తిరిగి చూడనే లేదు.

ఇప్పుడతన్ని లోపలికి రానివ్వకపోతే పేటిక దక్కుతుంది, నింద మాత్రం తన మీదే ఉంటుంది.

"తాతా, కెనెసన్‌ని చిన్న చర్చి గుమ్మం దగ్గరికి తీసుకురా. నేను తాళంచెవి అప్పగిస్తానన్నానని చెప్పు."

"ఇంకో పక్షి రావాలి పిల్లా!"

"దానికి ఇల్లు తెలుసు తాతా. నాకే ఇవాళ ఇల్లు చేరే దారి కనబడటం లేదు."

నెస్టర్ తిట్టుకుంటూనే టోపీ పెట్టుకున్నాడు.

చిన్న చర్చిలో ఎడ్విజ్ కావాలనే గుంపుకి వీపు తిప్పి, రంగుటద్దాల గురించి సాగదీసి చెప్పింది. వెనక ఏదో చెక్క తలుపు కిర్రుమంది. ఆమె మాట ఆపలేదు. అందర్నీ బయటికి పంపి, తలుపు లాగింది. తాళం పడింది. అప్పుడు చూసింది. బూడిదరంగు కోటు లేదు.

కెనెసన్ సంచీలో ఉల్లికాడలతో వచ్చి నిలబడింది. "ఏదీ తాళంచెవి?"

"ఇస్తాను. కాసేపు ఇక్కడే ఉండండి."

"ఏం నాటకం ఇది?"

"మీరు చూడాల్సిందే."

ఉప మేయర్ ఆగితే ఊరు ఆగదా? చేపలావిడ వచ్చింది, జున్ను కొట్టతను వచ్చాడు. ఏమైందని అడిగినవాళ్ళకి నెస్టర్ ఉష్ అన్నాడు. పెద్ద చర్చిలో పూజ ముగిసినట్టు గంట మోగింది. కొద్దిసేపటికి ఫిదెల్ సందు మొదట్లో కనబడ్డాడు. గుంపుని చూసి పరుగులాంటి నడకతో వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఏంటిక్కడ గుంపు? లోపలెవరూ లేరు! పదండి, పదండి!"

కెనెసన్ సంచీ కింద పెట్టింది.

"లోపల ఎవరో ఉన్నారని ఎవరన్నారు ఫిదెల్?" అంది కెనెసన్ నెమ్మదిగా.

గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్న ఆ మనిషి తలుపుకి అడ్డంగా నిలబడబోయాడు. వెనక తలుపు గడియ తిరిగింది.

ఒబాన్ బయట అడుగు పెట్టాడు. కోటు కింద ఒక పక్క ఎత్తుగా ఉంది. ముందు అతనికి అన్న మొహమే కనబడింది.

"అదేంటన్నా, దారి ఖాళీగా ఉంటేనే గంట కొడతానన్నావుగా!"

ఫిదెల్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. కోటు కిందినుంచి వెండి పేటికను కెనెసన్ స్వయంగా లాగింది. ఎడ్విజ్ వైపు తిరిగి, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకొమ్మన్నట్టు తల ఊపింది.

ఎడ్విజ్ సంతంతా వినబడేలా గొంతెత్తింది.

"ఈయన నా గుంపులో మనిషే. ఇప్పుడు అందరూ బయటికొచ్చారు."